ఫౌండేషన్ డబ్బుతో బడి, చెరువు మీద పరిశోధన: సంతకం పెట్టే ముందు

డబ్బు తీసుకోండి. కానీ మీరు పంపిన ఒప్పందం మీద ఇప్పుడున్నది ఉన్నట్టు మాత్రం సంతకం పెట్టకండి.

తర్వాత చదివేవాళ్ల కోసం మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. మీది అనంతపురం జిల్లాలో చిన్న సంస్థ, 20 ప్రభుత్వ బడుల్లో పర్యావరణ క్లబ్బులు నడుపుతున్నారు, అవే ఊళ్లలో చెరువు గట్ల మీద చెట్లు పెంచుతూ, వంకల్లో (వాగుల్లో) పూడిక తీయిస్తున్నారు. ఒక కంపెనీ ఫౌండేషన్ ఒక్క ఏడాది ప్రాజెక్టుకు 18 లక్షలు ఇస్తానంది, బదులుగా "పిల్లలకు ఇచ్చిన పర్యావరణ విద్య వల్ల చెరువుల పరిస్థితి ఎంత మెరుగుపడింది" అన్న దాని మీద రీసెర్చ్ రిపోర్టు అడుగుతోంది. తీసుకోవచ్చా, తీసుకుంటే ఆ రిపోర్టును ఎవరైనా నమ్ముతారా అన్నది మీ సందేహం.

నేను ఈ పనిలో రెండు వైపులా ఉన్నాను. దాతల సంస్థలో కూర్చుని దరఖాస్తులు చదివాను, తర్వాత చాలా ఏళ్లు రాయలసీమ పల్లెల్లో సర్వేలు చేయించాను. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా.

వాళ్లడిగిన వాక్యం ఇంకోసారి చదవండి. "ఎంత మెరుగుపడింది" అంటున్నారు. మెరుగుపడిందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు కదండీ, తెలిస్తే పరిశోధన దేనికి? ఫలితం ముందే రాసిపెట్టుకుని దానికి అంకెలు కావాలంటున్నారు. ఫౌండేషన్ వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల బోర్డు మీటింగులో ఒక స్లైడ్ చూపించాలి, ఆ టెన్షన్ వాళ్లది. కానీ అది పరిశోధన కాదని మీరు ఇప్పుడే మర్యాదగా చెప్పకపోతే ఏడాది తర్వాత చెప్పలేరు.

చట్టం సంగతి ముందు చూద్దాం, ఇక్కడ చాలామంది చిన్న సంస్థల వాళ్లు అనవసరంగా లొంగిపోతారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు చేయాలి. ఏ పనులకు చేయొచ్చో ఏడో షెడ్యూలులో ఉంది, అందులో విద్య ఒక పద్దు, పర్యావరణం ఇంకో పద్దు. పరిశోధన అనే మాట వచ్చే పద్దు మాత్రం ఎక్కువగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు సంబంధించింది. అంటే మీకొచ్చే డబ్బు కాగితం మీద విద్యా ప్రాజెక్టుగానో పర్యావరణ ప్రాజెక్టుగానో నమోదవుతుంది, మీ సర్వే అందులో పర్యవేక్షణ, మూల్యాంకనం కింద వస్తుంది. అందులో తప్పేమీ లేదు, ఒప్పందంలో ఆ మాటే రాయించుకోండి.

ఇంకోటి, ప్రభావ మదింపు (పని వల్ల ఏం మారిందో కొలవడం) తప్పనిసరి అని వాళ్లు మీకు చెప్పి ఉంటే ఆ రూల్ ఏమంటోందో చూడండి. సగటున ఏటా 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు, ఆపైన ఖర్చున్న ప్రాజెక్టులకు, అవి పూర్తయి కనీసం ఏడాది గడిచాక, ఒక స్వతంత్ర సంస్థతో మదింపు చేయించాలి. 2021లో వచ్చిన సవరణ ఇది. మీ 18 లక్షలకు ఇది వర్తించదు. కానీ ఆ రూల్లో ఉన్న రెండు మాటలు మీకు బాగా పనికొస్తాయి: పూర్తయిన ఏడాది తర్వాత అంటోంది, స్వతంత్ర సంస్థ అంటోంది. వాళ్లేమో అదే ఏడాదిలో, పని చేసిన మీతోనే మదింపు చేయించాలనుకుంటున్నారు.

అలాగే "అడ్మిన్ ఖర్చు 5 శాతం దాటకూడదు" అని మీ బడ్జెట్ కోసి ఉంటారు, చాలాచోట్ల ఇదే జరుగుతుంది. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడపడానికి పెట్టుకునే పరిపాలనా ఖర్చు మీద. ప్రాజెక్టు అమలుకు, పర్యవేక్షణకు, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని నిబంధనల నిర్వచనంలోనే ఉంది. మీ అకౌంటెంటు జీతం, సర్వేకి తిరిగేవాళ్ల బస్సు చార్జీలు, భోజనం అన్నీ ప్రాజెక్టు ఖర్చులే. ఆ నిర్వచనం ప్రింటు తీసి పెట్టుకుని వెళ్లి మాట్లాడండి. (విదేశీ ఫౌండేషన్ అయితే కథ వేరు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తర్వాత పరిపాలనా ఖర్చు 20 శాతానికి మించకూడదు, వచ్చిన డబ్బులో కొంత ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. విశ్వవిద్యాలయాలు, చిన్న సంస్థలు కలిసి చేసే పరిశోధనకు ఆ చివరి నిబంధన పెద్ద దెబ్బే.)

ఇప్పుడు అసలు విషయం, జనం నమ్ముతారా అన్నది. దాత డబ్బిచ్చాడు కాబట్టే నమ్మరు అనుకోవడం సరికాదు. మన దగ్గరే జరిగిన ఒక పరిశోధన చూడండి. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పెద్ద ప్రయోగం నడిపారు. ప్రపంచ బ్యాంకు, బ్రిటన్ ప్రభుత్వ సాయం ఉంది, రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఉంది, బడుల్లో పని నడిపించే బాధ్యత అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తీసుకుంది. 500 బడులను లాటరీతో వందేసి చొప్పున ఐదు భాగాలు చేశారు. ఒక వంద బడుల్లో పిల్లల మార్కులు పెరిగిన దాన్ని బట్టి ఒక్కో టీచరుకు బోనస్, ఇంకో వందలో బడి మొత్తానికి కలిపి బోనస్, మరో వందలో అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, మరో వందలో బడికి గ్రాంటు, మిగతా వందలో ఏమీ లేదు. రెండేళ్లకు బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లో కూడా బాగా చేశారు.

కానీ మీరు చూడాల్సింది గ్రాంటు ఇచ్చిన ఆ వంద బడుల సంగతి. నోటు పుస్తకాలు, పలకలు, సామగ్రి కొనడానికి డబ్బిచ్చారు. మొదటి ఏడు అనుకోకుండా వచ్చింది కాబట్టి పిల్లల మార్కులు కాస్త పెరిగాయి. రెండో ఏడు బడికి గ్రాంటు వస్తుందని ఇళ్లలో ముందే తెలుసు, అమ్మానాన్నలు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, దాంతో మార్కుల్లో లాభం కనిపించలేదు. ఒక్క ఏడాదికే ఆపి రిపోర్టు రాసి ఉంటే "గ్రాంటులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి" అని వచ్చేది. ఆపలేదు కాబట్టి నిజం తెలిసింది, పనిచేయలేదన్న ఫలితాన్ని కూడా అచ్చు వేశారు కాబట్టి మిగతా ఫలితాల మీద కూడా నమ్మకం కలిగింది. మీ ఏడాది గ్రాంటుకు నేను అడ్డుపడుతున్నది అందుకే.

రెండో ఉదాహరణ గుజరాత్‌ది, పర్యావరణానిది. అక్కడ కాలుష్యం వెదజల్లే ఫ్యాక్టరీలు బయటి ఆడిటర్లతో కొలతలు తీయించి కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. ఆడిటరును ఎంచుకునేది ఫ్యాక్టరీ, డబ్బిచ్చేదీ ఫ్యాక్టరీ. పరీక్ష రాసే పిల్లాడే పేపరు దిద్దే పంతులుగారిని ఎంచుకుని ఫీజు ఇచ్చినట్టు. ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ రయాన్ 2009 నుంచి 2011 దాకా అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో 473 ఫ్యాక్టరీలతో ఒక ప్రయోగం చేశారు. సగం ఫ్యాక్టరీలకు పాత పద్ధతే. మిగతా సగానికి ఆడిటర్లను లాటరీతో కేటాయించారు, జీతం ఒక ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని కొలతలను మళ్లీ వెళ్లి సరిచూశారు. పాత పద్ధతిలో చాలా రీడింగులు పరిమితికి కాస్త కిందే ఉన్నట్టు వచ్చేవి, అసలు కాలుష్యం అంతకంటే ఎక్కువ. కొత్త పద్ధతిలో "పరిమితి లోపలే ఉంది" అని అబద్ధం రాయడం 80 శాతం తగ్గింది. అంతేకాదు, ఫ్యాక్టరీలు నిజంగానే కాలుష్యం తగ్గించాయి. తర్వాత మండలి తన నిబంధనలే మార్చింది.

మీ ఒప్పందంలో మీరే పని చేసేవాళ్లు, మీరే కొలిచేవాళ్లు, ఫలితం బాగుంటేనే వచ్చే ఏడాది గ్రాంటు. అంటే గుజరాత్ పాత ఆడిటర్ల పరిస్థితే, మీరెంత నిజాయితీపరులైనా సరే. దీనికి మందు కూడా ఆ పరిశోధనలోనే ఉంది. కొలిచేవాళ్లు వేరుగా ఉండాలి, వాళ్ల డబ్బు ఫలితంతో సంబంధం లేకుండా ముందే పక్కన పెట్టాలి, కొన్ని కొలతలను మూడో మనిషి వెళ్లి సరిచూడాలి. అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది కదా, వెళ్లి ఆచార్యులను కలవండి, పీజీ విద్యార్థులు సర్వేకి దొరుకుతారు. 18 లక్షల్లో కనీసం నాలుగు లక్షలు ఈ పనికి వేరు చేయమని అడగండి. ఇది నా అంచనా, మీ ఊళ్ల మధ్య దూరాలను బట్టి మారుతుంది.

చెరువు దగ్గరికి వద్దాం. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ ఒక ఏడు పడితే రెండేళ్లు మొహం చాటేస్తుంది. ఈ జూన్‌లో మొదలుపెట్టి వచ్చే మే నెలలో కొలిస్తే మీరు కొలిచేది వానను, మీ పనిని కాదు. మంచి ఏడైతే మరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) పారి, బోర్లలో నీళ్లు పైకొచ్చి మీ క్లబ్బులు అద్భుతం అనిపిస్తాయి, కరువైతే మీ పని దండగ అనిపిస్తుంది, రెండూ తప్పే. అందుకని మీరు పని చేయని ఊళ్లు కూడా కొన్ని అదే రోజుల్లో కొలవాలి. మీరు వచ్చే విద్యా సంవత్సరం ఇంకో 20 బడులకు వెళ్తామన్నారు కదా, వాటి పేర్లు ఇప్పుడే ఖరారు చేయొద్దు. ఒప్పుకున్న 40 కొత్త ఊళ్ల పేర్లు చీటీల్లో వేసి ఎంఈఓ (మండల విద్యాధికారి), సర్పంచుల ముందు తీయండి, ముందొచ్చిన 20 ఆ ఏడు, మిగతా 20 రెండేళ్ల తర్వాత. ఎవరికీ అన్యాయం జరగదు, పోల్చడానికి సరైన ఊళ్లు దొరుకుతాయి. వానకాలానికి ముందు ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవండి. భూగర్భజలాల శాఖ పీజోమీటర్లు (నీటిమట్టం కొలిచే బోరు గొట్టాలు) దగ్గరలో ఉంటే వాటి లెక్కలూ తీసుకోండి.

ఏం కొలవాలన్నది ఇంకా ముఖ్యం. భూగర్భజలం లోతు మీద బడిలో క్లబ్బు ప్రభావం రెండేళ్లలో కనపడదు, అది కొలుస్తామని ఒప్పుకుంటే మీరు ఓడిపోయే ఆటలోకి దిగినట్టే. మధ్యలో ఉన్న మెట్లు కొలవండి: నాటిన మొక్కల్లో రెండో వేసవి దాటినవి ఎన్ని, వంకలో చెత్త పడేయడం తగ్గిందా, తూము దగ్గర నీళ్లు ఎన్ని రోజులున్నాయి (మీ ఊళ్లలో చెరువు నీళ్లు పంచే నీరుగంటి ఇంకా ఉంటే ఆయన్ని అడగండి, ఏ తేదీన ఎంత నీరుందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు), ఆయకట్టు రైతులు ఒక మీటింగైనా పెట్టుకున్నారా.

ఇదెందుకంటున్నానంటే మీ జిల్లా లాంటి రాతి నేలల్లోనే దీనికి మంచి రుజువుంది. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లతో కలిసి రూత్ మైన్‌జెన్-డిక్, ఆమె సహ పరిశోధకులు 2013-14లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతో భూగర్భజలాల ఆట ఆడించారు. ఒక్కో రైతు నీళ్లు ఎక్కువ తాగే పంట వేయాలో తక్కువ తాగే పంట వేయాలో ఎంచుకోవాలి, అందరి ఎంపికలను బట్టి ఊరి నీటిమట్టం దిగుతుంటుంది. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే, ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టర్లు పెట్టుకోవడం, నీటి వాడకానికి కట్టుబాట్లు పెట్టుకోవడం మిగతా ఊళ్ల కంటే స్పష్టంగా ఎక్కువ. కానీ భూగర్భజలాల నిర్వహణ గురించి ఒక్కో మనిషి ఆలోచించే తీరులో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. మొదటి ఏడు ఆటలో మాట్లాడుకునే అవకాశం ఇచ్చినంత మాత్రాన నీటి వాడకం పెద్దగా తగ్గలేదు కూడా. ఈ మూడూ రాశారు. నాకు ఆ పరిశోధన అంటే గౌరవం అందుకే. మీ పనికి కూడా అందులో పాఠం ఉంది, మనిషి మనసు మారిందా అని వెతికే బదులు ఊళ్లో కొత్త కట్టుబాటు పుట్టిందా అని వెతకండి.

పిల్లల వైపు కొలతలు సులువనుకుంటారు, అక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 1991లో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో పర్యావరణ విద్య తప్పనిసరి చేయమని చెప్పింది, పుస్తకాల్లో పాఠాలు ఉన్నాయి, ప్లాస్టిక్ చెడ్డది, చెట్లు మంచివి అని ఏ పిల్లాడైనా చెప్తాడు. ఆ ప్రశ్నలు అడిగి 90 శాతం సరైన జవాబులు అని గ్రాఫు గీయడం దండగ పని. పైగా రాతపరీక్ష పెడితే చాలాచోట్ల మీరు కొలిచేది పిల్లాడికి చదవడం వచ్చా రాదా అన్నదే. దాతల డబ్బుతో నడిచే ప్రథమ్ సంస్థ పల్లె పిల్లల చదువు మీద 2005 నుంచి వేస్తున్న అసర్ సర్వే నివేదికలు చూడండి, 2024 నివేదికలో కూడా పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద సగం లోపే. కాబట్టి మీ పరీక్ష నోటితో ఉండాలి, పిల్లాణ్ని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లి చూపించి అడగాలి. అసర్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది. వాళ్ల పరికరం ఒకే కాగితం, ఇంటికెళ్లి పిల్లాడి పక్కన కూర్చుని చదివిస్తారు, తల్లి కూడా పక్కనే ఉండి చూస్తుంది. ఫలితం ఎవరికి ఇబ్బందిగా ఉన్నా అచ్చు వేస్తూనే వచ్చారు.

పిల్లల్నే పరిశోధకుల్ని చేయాలనుకుంటే సీజన్‌వాచ్ నమూనా ఉంది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ నడిపే ఈ కార్యక్రమానికి విప్రో తోడ్పాటు ఉంది. పిల్లలు బడి దగ్గర ఒక చెట్టును ఎంచుకుని వారం వారం చిగురు, పూత, కాయ రాసుకుంటారు. కేరళ బడుల నుంచి చాలా ఎక్కువ సమాచారం వచ్చింది. మీ క్లబ్బుల్లో వేప, కానుగ, చింతతో ఈ పని వచ్చే సోమవారమే మొదలుపెట్టొచ్చు, దీనికి గ్రాంటు కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, ఫౌండేషన్ వాళ్లు పిల్లల ఫొటోలు, పేర్లు, వీడియోలు అడుగుతారు. హెడ్‌మాస్టరు అనుమతి ఒక్కటే చాలదు, తల్లిదండ్రుల ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల విషయంలో చాలా గట్టిగా ఉంది. సర్వే కాగితాల్లో పిల్లల పేర్ల బదులు నంబర్లు వాడండి.

ఇక ఒప్పందంలో మార్చాల్సినవి. "ఎంత మెరుగుపడింది" తీసేసి "మార్పు వచ్చిందా, వస్తే దేనిలో" అని రాయించండి. కాలం కనీసం మూడేళ్లు అడగండి. సీఎస్ఆర్ నిబంధనల్లో కొనసాగే ప్రాజెక్టు అన్న వీలు ఉంది, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు, కాబట్టి "మా రూల్స్ ఒప్పుకోవు" అంటే అది నిజం కాదు. డబ్బు పెంచకపోయినా అదే 18 లక్షలను మూడేళ్లకు సర్దినా నేను ఒప్పుకుంటాను, ఏడాదిలో కుదించిన 18 కంటే అది మేలు. సమాచారం మీది, పేర్లు తీసేసిన డేటా ఏడాదిలోపు బయట పెడతారు అని ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక్క వాక్యం: ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు మీకుంటుంది, ఫౌండేషన్ 30 రోజుల్లో అభిప్రాయాలు చెప్పొచ్చు గానీ ఆపలేదు. ఇది లేక ఏం జరుగుతుందో నేను చూశాను. ఒక ఫౌండేషన్ (పేరు చెప్పను) బడుల మీద చేయించిన అధ్యయనంలో ఆడపిల్లల హాజరు ఏమీ పెరగలేదని వచ్చింది, చివరి రిపోర్టులో ఆ అధ్యాయమే లేదు. ఆ తప్పు పద్ధతినే ఇంకో జిల్లాలో మళ్లీ ఖర్చుపెట్టి చేశారు. నష్టపోయింది ఆ పిల్లలే.

సర్వే మొదలవకముందే ఏం కొలుస్తారో, ఎలా లెక్కిస్తారో రెండు పేజీలు రాసి పరిశోధన ప్రణాళికలను ముందే నమోదు చేసుకునే ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ సైటులో తేదీతో పెట్టేయండి, ఉచితమే. మీ రిపోర్టు మీద ఎవరైనా "డబ్బిచ్చినవాళ్ల మాట రాశారు" అంటే ఆ రెండు పేజీలు చూపించండి. డబ్బెవరిచ్చారో, ఎంతిచ్చారో మొదటి పేజీలోనే రాయండి.

వాళ్లు కాలం విషయంలో బేరమాడితే మీరూ కాస్త తగ్గండి, రెండేళ్లకైనా ఒప్పుకోండి. ప్రచురణ హక్కు దగ్గర మాత్రం తగ్గకండి. ససేమిరా అంటే డబ్బు వద్దనక్కర్లేదు, క్లబ్బులు నడపడానికి, మొక్కలకు, పూడిక తీయడానికి తీసుకుని, ఎన్ని బడులు, ఎన్ని మొక్కలు, ఎంత ఖర్చు అని మామూలు పని నివేదిక ఇవ్వండి, దాని మీద పరిశోధన అన్న మాట రాయకండి. మార్చిన ఒప్పందం ముసాయిదా వచ్చాక, కంపెనీ పేరు, మీ పేరు కొట్టేసి ఇక్కడ పెట్టండి, ఒక్కో నిబంధన చూసి చెప్తాను. చీటీలు తీసే పని మాత్రం ఒప్పందం కోసం ఆపకండి, బడులు తెరిచేలోపు అయిపోవాలి.